ఏడుపు రాదు, నవ్వు రాదు.. గట్లున్నప్పుడు ఏం చెయ్యాలె

ఇంట్ల చావైనా కన్నీళ్లు రావు, కొలువొచ్చినా సంబురం ఉండదు, బతుకమ్మ నాడు వెయ్యిస్తంభాల గుడి కాడ అందరు ఆడుతుంటే మనం ఫోన్ చూసుకుంట పక్కకు నిలబడతం. చూసేటోళ్లు పొగరనుకుంటరు. కాదు. మస్తు రోజులు టెన్షనో దుఃఖమో మోస్తే మెదడు తట్టుకోలేక ఫీలింగ్స్‌నే తగ్గిస్తది, కానీ బాధ ఒక్కదాన్నే ఆపుడు దానికి రాదు, సంతోషం గూడ దాంతోనే పోతది. డిప్రెషన్ల, పెద్ద షాక్ తర్వాత ఇట్ల అయితనే ఉంటది.

డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ గోలీలతోని గూడ కొందరికి ఇట్లయితది. అట్లని సొంతంగ బంద్ పెట్టకుండ్రి, తల తిరుగుడు, నిద్ర పట్టకపోవుడు మొదలు గావచ్చు. డాక్టర్‌కు చెప్తే డోసన్న తగ్గిస్తరు, గోలీనన్న మారుస్తరు.

ఏడ్వాలె, ఏడ్వాలె అని జబర్దస్తీ చేస్తే ఏం రాదు. ఒంటి నుంచి మొదలుపెట్టాలె. పొద్దుగూకినంక వరంగల్‌ల భద్రకాళి చెరువు బండ్ మీద నడుసుకుంట, ఫోన్ జేబుల వెట్టి, కనవడేటియి ఐదు, ఒంటికి తగిలేటియి నాలుగు, వినవడేటియి మూడు, వాసనలు రెండు, నోట్లె రుచి ఒకటి, ఇట్ల లెక్కవెట్టుండ్రి. తర్వాత దవడ బిగుసుకున్నదా, ఛాతిల బరువున్నదా, కడుపుల ఏమన్న అయితుందా చూసుకొని, దానికి రందో, చిరాకో, యాష్టో, భయమో ఏదో ఒక పేరు పెట్టుండ్రి, తప్పైనా ఏం గాదు.

మనసైతే పోదాం అని కూసుంటే ఎన్నడు గాదు, ముందు పని, మనసు తర్వాత వస్తది. దోస్తుతోని చాయ్ తాగుడు, మొక్కలకు నీళ్లు పోసుడు, అంత చిన్నదైనా సరే, టైం పెట్టుకొని చెయ్యాలె. తాగుడు మాత్రం వద్దు, అది ఇంక మొద్దువారిపిస్తది.

ఇంకోటి, ఎవ్వరు చెప్పరు గానీ, ఫీలింగ్స్ వాపస్ వచ్చేటప్పుడు ముందుగాల సంతోషమే రావాలని లేదు, కోపం రావచ్చు, ఊకె ఏడుపు రావచ్చు. అయ్యో, ఇంక ఖరాబైతున్న అనుకోకుండ్రి. కానీ అస్సలు తట్టుకోలేకపోతే ఒక్కళ్లే ఉండకుండ్రి.

రెండు వారాలు దాటినా ఇట్లనే ఉంటే వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల మానసిక వైద్యుల ఓపీకి పోవచ్చు. మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కు ఎప్పుడైనా ఫ్రీగ చెయ్యొచ్చు, తెలుగుల మాట్లాడతరు. చావు ఆలోచనలుంటే రెండు వారాలు ఆగొద్దు, ఇయ్యాలనే చెయ్యుండ్రి. ఏం చెప్పాలె అని పరేషాన్ వద్దు, "నాకు ఏం అనిపిస్తలేదు" అంటే సాలు, మిగిలింది వాళ్లే అడుగుతరు.