పాత కారు రేడియేటర్ హోస్ వదులైతే

మెహిదీపట్నం ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంటే భలే టెన్షన్. పాత కార్లలో చాలాసార్లు రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టం, అంటే హోస్, బాగానే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగ్ క్లిప్పే పట్టు వదిలి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతుంది. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో స్క్రూ క్లిప్ అడగండి. సైజు కోసం పాతది పట్టుకెళ్లండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి, వేడి మీద కూలెంట్ ఎగజిమ్ముతుంది. కింద టబ్ పెట్టి హోస్ లాగి, పైపు మూతి మురికి తుడవండి. హోస్ కొస గట్టిపడితే, పొడవు సరిపోతేనే ఒక సెంటీమీటరు కోసేయండి. హోస్‌ను మళ్లీ పైపుకు ఎక్కించి, కొత్త క్లిప్‌ను హోస్ అంచు నుంచి 5 మిల్లీమీటర్లు లోపలికి, పైపు మీది గట్టు దాటాక బిగించాలి. రబ్బరు తెగేంత బలం మాత్రం వద్దు. తగ్గిన కూలెంట్ నింపి, ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగింపు చూడండి.

హోస్ ఉబ్బినా, నొక్కితే పగుళ్లు కనిపించినా క్లిప్‌తో ఆగదు, హోసే మార్చాలి.