'ఐ హ్యావ్ వెంట్' ఎందుకు తప్పు?

నల్లగొండలో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఇంగ్లిషు చెబుతుంటాను. 'ఐ హ్యావ్ వెంట్ టు మిర్యాలగూడ' అన్న వాక్యం వాళ్ల నోటుపుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. 'గో' (వెళ్లు) అనే క్రియకు రెండో రూపమైన 'వెంట్' ఒంటరిగా నిలబడుతుంది కానీ, మూడో రూపమైన 'గాన్' పూర్తి క్రియగా నిలవాలంటే హ్యావ్, హ్యాజ్, హ్యాడ్, వాజ్ వంటి సహాయక క్రియ తోడుండాలి. 'హి రోట్ ఎ లెటర్', 'హి హ్యాజ్ రిటెన్ ఎ లెటర్', 'ద లెటర్ వాజ్ రిటెన్' అనే మూడు వాక్యాలను పక్కపక్కన రాయిస్తే ఈ తేడా పిల్లలకు కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది.

క్రియల పట్టికను అక్షరక్రమంలో బట్టీ పట్టించకండి. ఒకే తీరుగా పలికే వాటిని ఒకచోట చేర్చి, పైకి చదివించండి: సింగ్, స్యాంగ్, సంగ్, రింగ్, ర్యాంగ్, రంగ్, డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్, స్విమ్, స్వ్యామ్, స్వమ్. చెవికి ఆ వరుస అలవాటైతే 'బిగిన్, బిగ్యాన్, బిగన్' దానంతటదే నోటికి వస్తుంది. 'బ్రింగ్' మాత్రం ఈ గుంపులో చేరదు, దాని రెండు రూపాలూ 'బ్రాట్' అని విడిగా చెప్పాలి. కట్, పుట్ వంటివి మూడు రూపాల్లోనూ మారవు.

'వెంట్' నిజానికి 'వెండ్' అనే వేరొక పాత క్రియకు భూతకాల రూపం. మన 'రా'కూ 'వచ్చాడు'కూ పోలిక లేనట్లే 'గో'కూ దానికీ పోలిక ఉండదు.