బంతి, సీతజడ విత్తనాలకు మ్యుటాజెన్ పట్టించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

బతుకమ్మ నాటికి పూలు అందాలంటే బంతి, సీతజడ నార్లు మృగశిర కార్తెకు అటూ ఇటూగా పోయవలసి ఉంటుంది కనుక, కొత్త రంగునో కొత్త ఆకారాన్నో రాబట్టాలని విత్తనాలకు రసాయన మ్యుటాజెన్, అంటే జన్యువుల్లో మార్పు తెచ్చే మందు, పట్టించే విద్యార్థుల పని సరిగ్గా రోహిణి కార్తె ఎండల్లో పడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఆ రోజుల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఈ పనికి అంతకంటే చెడ్డ కాలం లేదు.

మన రైతులకు విత్తనశుద్ధి కొత్త కాదు. గోనె పట్టా మీద విత్తనాలు పోసి, మందు పొడి చల్లి, చేతులతో కలిపి నీడన ఆరబెట్టడం అలవాటైన పనే. ప్రమాదం ఆ అలవాటులోనే ఉంది. ఎక్కువగా వాడే ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్, అంటే ఈఎంఎస్, డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు ఇథైల్ అనే చిన్న రసాయన గుంపును అతికించి, కణం నకలు తీసుకునేటప్పుడు ఒక అక్షరం తప్పేలా చేస్తుంది. విత్తనంలోని డీఎన్ఏ ఏదో, కలిపేవారి చేతిలోని డీఎన్ఏ ఏదో దానికి తెలియదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఇంటి వసారాలోనూ, పొలం దగ్గర బోరు షెడ్డులోనూ చేయదగిన పని కాదిది. ఫ్యూమ్ హుడ్, అంటే విషపు ఆవిరులను ఫ్యానుతో బయటికి లాగేసే పెట్టె, ఉన్న ప్రయోగశాలలో, అనుభవం ఉన్న అధ్యాపకులు పక్కన ఉన్నప్పుడు మాత్రమే చేయాలి. ఆ వసతి లేని కళాశాలల వారు వనపర్తి జిల్లా మోజెర్లలోని ఉద్యాన కళాశాల వంటి చోట అడిగి చూడటం మేలు.

ఎండ సంగతి కొంత వివరంగా చెప్పాలి. నీటిలో కలిపిన ఈఎంఎస్ తనంతట తానే విడిపోతూ ఉంటుంది. అందులో సగం విడిపోవడానికి 20 డిగ్రీల వద్ద దాదాపు 93 గంటలు, 30 డిగ్రీల వద్ద 26 గంటలు, 37 డిగ్రీల వద్ద సుమారు 10 గంటలు మాత్రమే పడుతుంది. విడిపోయినప్పుడు పుట్టే ఆమ్లం మొలకను చంపుతుందే తప్ప మార్పును తీసుకురాదు. మొలకలు చచ్చిపోవడం చూసి మోతాదు తప్పిందనుకుని రకరకాల గాఢతలతో మళ్లీ మళ్లీ సీసా తెరిచేవారు ఉంటారు. అసలు లోపం గది వేడిలో ఉందని వారికి తట్టదు. అందువల్ల ఏసీ గదిలో, వీలైతే 20 నుంచి 25 డిగ్రీల మధ్య, అప్పటికప్పుడు కలిపిన ద్రావణంతో, పీహెచ్ 7 ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో, అంటే ఆమ్లం పెరగకుండా అడ్డుకునే ద్రావణంలో, పని చేయాలి. మన బోరు నీళ్లలో ఫ్లోరైడు, లవణాలు ఎక్కువ కనుక డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి. కరెంటు పోతే ఏసీతో పాటు ఫ్యూమ్ హుడ్ ఫ్యాను కూడా ఆగిపోతుంది కాబట్టి, జనరేటర్ లేని చోట కరెంటు కోతలుండే రోజున సీసా మూత తీయకపోవడమే మంచిది.

ద్రావణాన్ని నోటితో పిపెట్‌లోకి పీల్చడం ఎంత మాత్రం పనికిరాదు. నైట్రైల్ గ్లౌజులు రెండు జతలు వేసుకోవాలి. పలుచని రబ్బరు గ్లౌజుల గుండా ఈఎంఎస్ దిగుతుంది. ఈఎంఎస్ నీటి కంటే బరువైనది కావడంతో అడుగుకు చేరుతుంది కనుక మూత బిగించి బాగా కలపాలి. ఆ గదిలోకి చాయ్ గ్లాసు కూడా రాకూడదు.

ఇలాంటి పనికే వాడే మరో రసాయనం కాల్చిసిన్ సంగతి వేరు. అది జన్యువులను మార్చదు, కణ విభజనను అడ్డుకుని క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేస్తుంది. పెద్ద పూల కోసం దానిని వాడతారు. మన అడవుల్లో తీగలా పాకే నాభి దుంపలో ఉండే విషం అదే. మందు కదా, మొక్క నుంచి వచ్చినదే కదా అని తేలికగా తీసుకోరాదు, ఎందుకంటే ఒంట్లోకి వెళ్లిన చాలా గంటల తరువాత గానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు. ఇక సోడియం అజైడ్ అనే మరో మ్యుటాజెన్‌ను డిగ్రీ విద్యార్థుల చేతికి ఇవ్వకపోవడమే నా సలహా. ఆమ్లం తగిలితే విషవాయువు వెలువడుతుంది, రాగి లేదా సీసపు గొట్టాల సింకులో పోస్తే పేలే పదార్థం తయారవుతుంది.

పని అయ్యాక మిగిలిన ఈఎంఎస్ ద్రావణాన్ని, విత్తనాలను కడిగిన తొలి నీళ్లను కాలువలో పారబోయకుండా, 10 శాతం సోడియం థయోసల్ఫేట్ కలిపి ఒక రోజంతా ఫ్యూమ్ హుడ్‌లోనే ఉంచి, ఆ తరువాత ప్రయోగశాల వ్యర్థాలతో పంపాలి. బాగా కడిగిన విత్తనాలను కూడా గ్లౌజులతోనే నాటి, నారుమడి చుట్టూ కంచె వేయాలి. కోళ్లు, మేకలు అటు పోకూడదు. పూచే నాటికి పూలలో ఈఎంఎస్ మిగిలి ఉంటుందన్న భయం అనవసరం. అయినా తొలి తరం పూలను బతుకమ్మకు కోసేస్తే రెండో తరానికి విత్తనం దొరకదు, దాగి ఉన్న మార్పులు ఎక్కువగా బయటపడేది ఆ రెండో తరంలోనే.

ద్రావణం చర్మం మీద పడితే ఏమీ అనిపించకపోయినా వెంటనే గ్లౌజులు, తడిసిన బట్టలు తీసేసి, 15 నిమిషాల పాటు ధారగా పడే నీటితో కడగాలి. కంట్లో పడినా, మింగినా నొప్పి కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లి, రసాయనం పేరు రాసిన చీటీని డాక్టరుకు చూపించాలి; ఆ చీటీని పని మొదలు పెట్టక ముందే రాసి తలుపుకు అంటించి ఉంచాలి.