పిలిచినా పలకని పెంపుడు కుక్క: సమస్య, కారణం, పరిష్కారం

ముందుగా వినికిడి సంగతి తేల్చుకోవాలి. కుక్క వెనుక నిలబడి చిటిక వేసినప్పుడు చెవి కూడా కదపకపోతే, శిక్షణ మాట పక్కనపెట్టి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించాలి. చెవి బాగుంటే కింది వాటిని పరిశీలించండి.

సమస్య: ఒకరు పిలిస్తే వస్తుంది, మరొకరు పిలిస్తే కదలదు.

కారణం: చిత్తూరులో చాలా ఇళ్లలో తెలుగు, తమిళం కలిసే వినిపిస్తాయి. అవ్వ 'వా' అంటుంది, తండ్రి 'రా' అంటాడు, పిల్లలు 'కమ్' అంటారు. మనకు ఇవన్నీ ఒకే పిలుపు, కుక్కకు మాత్రం మూడు వేర్వేరు శబ్దాలు. నేర్చుకునే శక్తి దానికి లేదని కాదు. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క 1,022 బొమ్మల పేర్లు నేర్చుకున్నట్లు 2011లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. అయితే దాని వెనుక మూడేళ్ల పాటు రోజూ గంటల తరబడి సాగిన శిక్షణ ఉంది.

పరిష్కారం: ఇంటిల్లిపాదీ ఒక్కో పనికి ఒక్క మాటే ఖాయం చేసుకోవాలి. అది ఏ భాషదైనా ఫరవాలేదు.

సమస్య: 'వద్దు' అన్నా 'వదులు' అన్నా ఒకే విధంగా తికమకపడుతుంది.

కారణం: బుడాపెస్ట్ పరిశోధకులు 2020లో కుక్కల మెదడు స్పందనలను కొలిచినప్పుడు, తెలిసిన మాటకూ, అందులో ఒక్క ధ్వని మారిన అర్థంలేని మాటకూ మధ్య తేడా కనిపించలేదు. 'పో', 'పోదాం' అనే జంట నన్ను మరీ బాధిస్తుంది: సాయంత్రం 'పోదాం' అని ఆశపెట్టిన నోటితోనే పొద్దున 'పో' అని కసురుతాం, అది ఏ శబ్దాన్ని నమ్మాలి?

పరిష్కారం: 'వదులు'కు బదులు 'ఇచ్చెయ్', 'పోదాం'కు బదులు 'షికారు' వంటి దూరపు శబ్దాలను ఎంచుకోండి.

సమస్య: ఎదురుగా చెబితే కూర్చుంటుంది, పక్కగదిలోంచి చెబితే కూర్చోదు.

కారణం: అది మాటను కాక మీ చేతిని చూసి నేర్చుకుంది. శిక్షణ ఎరుగని వీధికుక్కలు సైతం మనిషి వేలు చూపిన గిన్నె వైపు వెళ్తాయని బెంగాల్‌లో జరిగిన పరిశోధన చూపింది.

పరిష్కారం: ముందు మాట చెప్పి, ఒక క్షణం ఆగి, ఆ తర్వాతే సైగ చేయండి. కొన్నాళ్లకు సైగ కోసం చూడకుండానే కూర్చోవడం మొదలవుతుంది.

సమస్య: చెప్పు కొరికి తల దించుకుంటుంది, మర్నాడు మళ్లీ కొరుకుతుంది.

కారణం: ఆ దీనమైన చూపు పశ్చాత్తాపం కాదు. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా యజమాని గద్దిస్తే అదే ముఖం పెడతాయని కుక్కల ప్రవర్తనను పరిశోధించే అలెగ్జాండ్రా హొరొవిట్జ్ 2009లో నిరూపించారు.

పరిష్కారం: గంటల తర్వాత గద్దించకండి. కొరుకుతుండగా కనబడితే 'ఇచ్చెయ్' అని, వదిలిన మరుక్షణమే మెచ్చుకోండి; ఆ మెప్పు మాటలోనూ, గొంతులోనూ ఉండాలి.