డిమినిష్డ్ స్కేలు ఎలా వాయించాలి? సరిగమల దారిలో

కడపలో కీబోర్డు వాయించేవాళ్ళలో చాలామంది చర్చి క్వైరులోనో పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో చేయి తిరిగినవాళ్ళే. మేజరూ మైనరూ కళ్ళు మూసుకుని పడతారు. 'డిమినిష్డ్' అనగానే మాత్రం అదేదో లెక్కల పాఠమన్నట్టు వీడియో ఆపేస్తారు. సరిగమలు వచ్చినవాళ్ళకు ఇందులో బెదరాల్సిందేమీ లేదు. వాయించడం తేలికే, ఎక్కడ వాయించకూడదో తెలియడమే కష్టం.

సి మెట్టును స అనుకుందాం. అంటే ఒకటో శ్రుతి. స్వరం పక్కనున్న అంకె అది ఎన్నో రకమో చెబుతుంది: గ2 కంటే గ3 ఒక మెట్టు పైన.

1. ముందు కార్డు (కలిపి మోగించే స్వరాలు) పట్టండి

స నుంచి నల్లవీ తెల్లవీ కలిపి మూడు మెట్లు లెక్కపెడితే గ2. అక్కడినుంచి మూడుకు మ2, ఇంకో మూడుకు ద2, మరో మూడుకు పై స. ఆ నాలుగు స్వరాలూ కలిపి నొక్కండి. పాత సినిమాల్లో విలన్ తలుపు తోసుకొచ్చేటప్పుడు వినిపించే మోత అది. దీని పేరే డిమినిష్డ్ సెవెన్త్.

2. నాలుగును ఎనిమిది చేయండి

ఒక్కో స్వరానికీ పక్కనున్న పై మెట్టు చేర్చండి: స రి1 గ2 గ3 మ2 ప ద2 ని2. దీన్ని హాఫ్-హోల్ అంటారు: ముందు ఒక మెట్టు దూరం (హాఫ్), తర్వాత రెండు (హోల్), మళ్ళీ అలాగే. పై మెట్టుకు బదులు కింది మెట్టు చేర్చితే: స రి2 గ2 మ1 మ2 ద1 ద2 ని3. ఇది హోల్-హాఫ్. ఈ రెండూ డిమినిష్డ్ స్కేలే.

72 మేళకర్త రాగాల్లో దీన్ని వెతకొద్దు. మేళకర్తకు ఏడు స్వరాలే, దీనికి ఎనిమిది. పైగా హోల్-హాఫ్‌లో మధ్యమాలు రెండు, ధైవతాలు రెండు, పంచమం అసలే లేదు. అందుకే తంబురా మోగుతుండగా దీని జోలికి పోకండి. తాళ్ళపాక మన పక్కనే కదా అని అన్నమయ్య కీర్తనకు అంటించబోతే పాడేవాళ్ళు లేచిపోతారు! దీని చోటు కార్డులు మారే పాటల్లోనే. రష్యాలో రిమ్‌స్కీ-కోర్సకోవ్ అనే స్వరకర్త 19వ శతాబ్దంలోనే దీన్ని వాడాడు, తర్వాత జాజ్‌వాళ్ళు అందిపుచ్చుకున్నారు.

3. ముక్కలుగా సాధన చేయండి

స రి1 గ2 గ3
గ2 గ3 మ2 ప
మ2 ప ద2 ని2
ద2 ని2 స రి1

సంగతి ఒకటే, మూడేసి మెట్లు పైకి జరుగుతోంది. మెట్రోనోమ్ (దెబ్బలు లెక్కగా కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి దెబ్బకొక స్వరం, కుదిరాక రెండు. నోటితో పాడుతూ వాయించండి. గ2, గ3 వెంటవెంటనే పలికేచోట గొంతు జారుతుంది. అక్కడ ఆగి నిదానంగా సరిచేసుకోండి.

4. పాటలో పెట్టండి

జి సెవెన్త్ నుంచి సి మేజర్‌కు వచ్చే చోటు చూసుకోండి. జి సెవెన్త్ మోగుతుండగా కుడిచేత్తో ప నుంచి హాఫ్-హోల్: ప ద1 ని2 ని3 రి1 రి2 గ3 మ1. కార్డులోని నాలుగు స్వరాలూ, అంటే ప ని3 రి2 మ1, ఇందులోనే ఉన్నాయి. స మాత్రం లేదు. అందుకే చివర స మీదో గ3 మీదో దిగితే చెవికి అంత హాయి. మొత్తం ఎనిమిదీ గబగబా పరిగెత్తించకండి, అది ఎక్సర్‌సైజులా వినిపిస్తుంది. నాలుగు స్వరాలు చాలు, అవీ ఆఖర్లోనే. ఎక్కేముందే ఎక్కడ దిగాలో తెలిసుండాలి, బస్సు లాగే.

రెండో చోటు క్వైరువాళ్ళకు బాగా పనికొస్తుంది. ఎఫ్ మేజర్ నుంచి జి కి వెళ్ళేటప్పుడు మధ్యలో మ2 ద2 స గ2 కార్డు వేయండి. ఎడమచేతి బేసు మ1, మ2, ప అని ఒక్కో మెట్టే ఎక్కుతుంది. ఆ మధ్య కార్డు మీద వాయించాల్సింది హోల్-హాఫ్. జి సెవెన్త్ లాంటి మామూలు సెవెన్త్‌కు హాఫ్-హోల్, డిమినిష్డ్‌కు హోల్-హాఫ్: గుర్తుకు ఇంతే.

గాయకుడు సాహిత్యం పలుకుతుంటే రెండూ వద్దు. ఊపిరి తీసుకునే ఖాళీ మీది.

5. శ్రుతి మారితే

శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వైపు చేయి పోనివ్వకండి. ఈ స్కేళ్ళు మొత్తం మూడే. సి, దాని పై రెండు మెట్లు, అంతే. నాలుగోది మళ్ళీ మొదటిదే. కాబట్టి ఒకటో శ్రుతిలో ఉన్న పాటను గాయకుడు రెండున్నరకో, నాలుగున్నరకో, ఆరుకో (సి నుంచి మూడేసి మెట్లు పైకి) మార్చమంటే మీరు నొక్కే ఆ ఎనిమిది మెట్లూ మారవు. ఎడమచేతి కార్డు, దిగే స్వరం మాత్రం మారతాయి.