క్లాస్ ఉంది, అయినా లేదంటోంది: పీహెచ్‌పీలో క్లాస్_ఎగ్జిస్ట్స్ తంటాలు

సమస్య: క్లాస్ పేరును స్ట్రింగ్‌గా కట్టి దాంతో ఆబ్జెక్ట్ చేస్తున్నారు. పేరు కాస్త తేడా వస్తే చాలు, "క్లాస్ నాట్ ఫౌండ్" అంటూ పేజీ మొత్తం ఆగిపోతోంది. క్యాచ్‌లో ఎక్సెప్షన్ అని రాసినా దొరకడం లేదు.

కారణం: పీహెచ్‌పీ 7 నుంచి ఇది ఎక్సెప్షన్ కాదు, ఎర్రర్. ఒకదానికి వేసిన వలలో రెండోది పడదు. త్రోయబుల్ అని రాస్తే రెండూ పడతాయి.

పరిష్కారం: న్యూతో ఆబ్జెక్ట్ చేసే ముందు క్లాస్_ఎగ్జిస్ట్స్‌ని అడగండి. ఆ పేరుతో క్లాస్ ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్ అని చెప్పే ఫంక్షన్ ఇది. ఫాల్స్ వస్తే ఏం చేయాలో మీరే రాసుకోవచ్చు.

సమస్య: ఫైల్ కళ్లముందే ఉంది, అయినా ఫాల్స్ అంటోంది.

ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. ఫైల్ పైన యూజ్ లైన్ రాశాం కదా అనుకుంటాం. కానీ స్ట్రింగ్‌లో ఉన్న పేరుకు ఆ లైన్ వర్తించదు, నేమ్‌స్పేస్‌తో (క్లాస్ ఏ గుంపులోదో చెప్పే ముందు భాగంతో) సహా పూర్తి పేరు ఇవ్వాలి. క్లాస్ ఏదో ముందే తెలిస్తే, దాని పేరు పక్కన రెండు కోలన్లు పెట్టి క్లాస్ అని రాయండి. పూర్తి పేరును పీహెచ్‌పీయే నింపుతుంది.

ఇంకో దొంగదెబ్బ ఉంది. పేరును డబుల్ కోట్స్‌లో రాశారనుకోండి. బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న ఎన్ అక్షరం వస్తే అది కొత్త లైన్‌గా మారిపోతుంది. నేను ఒక సాయంత్రమంతా ఆటోలోడర్‌ని (క్లాస్ పేరు చూసి దాని ఫైల్‌ని తనే లోడ్ చేసే కోడ్‌ని) తిట్టుకున్నాక, వార్_డంప్ చేస్తే పేరు రెండు లైన్లుగా విరిగి కనిపించింది. సింగిల్ కోట్స్ పెట్టగానే సరిపోయింది. అందుకే ఫాల్స్ వస్తే ముందు ఆ స్ట్రింగ్‌ని ప్రింట్ చేసి చూడండి.

రెండో ఆర్గ్యుమెంట్‌గా ఎవరైనా ఫాల్స్ పెట్టారేమో కూడా చూడండి. అలా పెడితే ఆటోలోడర్‌ని పిలవదు, అప్పటికే లోడ్ అయిన క్లాసులనే లెక్కలోకి తీసుకుంటుంది.

సమస్య: ల్యాప్‌టాప్‌లో ట్రూ, సర్వర్‌లో ఫాల్స్.

క్లాస్ పేరులో పెద్ద అక్షరమా చిన్న అక్షరమా అని పీహెచ్‌పీ పట్టించుకోదు, లినక్స్ ఫైల్ పేర్లలో మాత్రం పట్టించుకుంటుంది. విండోస్‌లో నడిచింది అక్కడ దొరకకపోవడం అందుకే. ఫైల్ పేరును క్లాస్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలపండి. గిట్ వాడుతుంటే గిట్ ఎంవీతోనే మార్చండి, లేకపోతే ఆ మార్పు దాని కంట పడకపోవచ్చు. అప్పటికీ కుదరకపోతే సర్వర్‌లో కంపోజర్ డంప్-ఆటోలోడ్ అనే కమాండ్ కొట్టండి, ఆటోలోడర్ ఫైళ్లు మళ్లీ తయారవుతాయి.

సమస్య: ట్రూ వచ్చింది, అయినా న్యూ దగ్గర ఎర్రర్.

అది అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ అయ్యుంటుంది, లేదా దాని కన్‌స్ట్రక్టర్ ప్రైవేట్ అయ్యుంటుంది. రిఫ్లెక్షన్‌క్లాస్‌లోని ఈజ్‌ఇన్‌స్టాన్షియబుల్ ఆ సంగతి చెబుతుంది. ఇంటర్‌ఫేస్‌కైతే క్లాస్_ఎగ్జిస్ట్స్ ఎప్పుడూ ఫాల్సే ఇస్తుంది, దానికి ఇంటర్‌ఫేస్_ఎగ్జిస్ట్స్ వేరే ఉంది.

ఒకవేళ ఆ పేరు యూఆర్ఎల్ నుంచో ఫారం నుంచో వస్తుంటే ఈ చెక్ ఒక్కటే చాలదు. ప్రాజెక్టులో ఉన్న ఏ క్లాస్ పేరు పంపినా ట్రూ అంటుంది. అనుమతించే పేర్లను ఒక అర్రేలో పెట్టి, అందులో ఉంటేనే న్యూ దాకా పోనివ్వండి.