అజాథయోప్రిన్ గోలీలు, టీపీఎంటీ పరీక్ష: సమస్య - పరిష్కారం

లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటిమీదే దాడి చేసే జబ్బు), అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్ల జబ్బు), కిడ్నీ మార్పిడి ఉన్నవాళ్లకు రోగనిరోధక శక్తిని అణచడానికి అజాథయోప్రిన్ రాస్తుంటారు. ఈ మందును ఒంట్లో అరగదీసే ఎంజైముల్లో ముఖ్యమైనది టీపీఎంటీ. అది పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకు మామూలు డోసు కూడా విషమవుతుంది. అందుకే మందు మొదలుపెట్టకముందే పరీక్ష.

సమస్య: గోలీలు మొదలైన కొన్ని వారాలకే జ్వరం, నోట్లో పుండ్లు, గొంతునొప్పి

మందు పేరుకుపోయి ఎముక మజ్జ దెబ్బతింటే తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అదే రోజు సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించాలి. మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పేదాకా తర్వాతి గోలీ వేసుకోవద్దు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, వెంటనే ఫోన్ చేయాలి. వానాకాలంలో ఇంకో చిక్కుంది. డెంగీలోనూ తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. దేవరకొండలోనో మిర్యాలగూడలోనో జ్వరానికి దగ్గరున్న డాక్టరుకు చూపించుకుంటే, అజాథయోప్రిన్ వాడుతున్న సంగతి ముందే చెప్పండి. చెప్పకపోతే ఆయన డెంగీ అనే అనుకుంటాడు, అందులో ఆయన తప్పేమీ లేదు.

సమస్య: టీపీఎంటీ నార్మల్ అని వచ్చింది, అయినా కణాలు పడిపోయాయి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. మొదట అడగాల్సింది: ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నారా? ఈ పరీక్షలో ఎంజైమును కొలిచేది ఎర్రకణాల్లో. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. కాబట్టి గత రెండు మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే రిపోర్టులో దాత ఎంజైము కూడా కలిసిపోయి కనిపిస్తుంది. అలాంటివాళ్లకు జన్యు పరీక్ష మేలు, ఎక్కించిన రక్తం దాన్ని పెద్దగా తారుమారు చేయదు.

రెండోది, నుడ్ట్15 అనే ఇంకో జన్యువు. దీని సంగతి 2014లో కొరియా పరిశోధకులు బయటపెట్టారు. మన దేశంలో టీపీఎంటీ లోపం కన్నా ఈ లోపమే ఎక్కువమందిలో ఉంటుంది. మొదటి రెండు నెలల్లోనే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి, కణాలు కూడా పడిపోతే ముందు దీన్నే అనుమానించాలి. ఒక్క టీపీఎంటీ చూసి నిశ్చింతగా ఉండడం మన దగ్గర సగం పనే అని నా అభిప్రాయం.

మూడోది, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్. కాలి బొటనవేలు వాచిందని ఎవరో రాసిస్తారు. అది అజాథయోప్రిన్ విరిగిపోయే దారిని మూసేస్తుంది. రెండూ తప్పనిసరైతే అజాథయోప్రిన్‌ను పావు వంతుకో మూడో వంతుకో తగ్గించాలి, అదీ డాక్టరే. యూరిక్ యాసిడ్‌కే వాడే ఇంకో మందు ఫెబుక్సోస్టాట్‌తోనూ ఇదే ప్రమాదం.

సమస్య: హైదరాబాద్ ల్యాబు శాంపిల్‌ను తిప్పి పంపింది

సీరం (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవం) తీసి పంపితే ఎర్రకణాలుండవు, పరీక్ష జరగదు. పూర్తి రక్తమే కావాలి, ల్యాబు చెప్పిన ట్యూబులోనే. నల్గొండ ఎండల్లో చల్లని డబ్బా తప్పదు గానీ, ట్యూబును ఐసుగడ్డకు ఆనించి పెడితే రక్తం ఐసులా గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి. మధ్యలో ఒక గుడ్డ చుట్టండి. శనివారం సాయంత్రం శాంపిల్ ఇస్తే ఆదివారమంతా ఎక్కడో పడి ఉంటుంది, వారం మధ్యలో ఇవ్వండి.

సమస్య: రిపోర్టులో ఎంజైము తక్కువ

మధ్యస్థంగా ఉంటే మామూలు డోసులో 30 నుంచి 80 శాతంతో మొదలుపెడతారు. అసలే లేకపోతే, క్యాన్సర్ కాని జబ్బులకు వేరే మందు చూస్తారు.

సమస్య: కడుపులో విపరీతమైన నొప్పి, వాంతులు

ఇది క్లోమం వాపు కావచ్చు. దీనికి టీపీఎంటీతో సంబంధం లేదు, ఆ పరీక్ష ముందుగా పట్టించదు. మందు ఆపి దవాఖానకు వెళ్లాలి; కిడ్నీ మార్పిడి అయినవాళ్లు మాత్రం ఇక్కడా సొంతంగా ఆపకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. క్లోమం వాపేనని తేలితే ఆ మందు మళ్లీ ముట్టకూడదు.

రిపోర్టు ఎంత బాగున్నా మొదటి నెల వారం వారం సీబీపీ, తర్వాత కొన్నాళ్లు నెలకోసారి, నిలకడ వచ్చాక మూడు నెలలకోసారి. దాంతోపాటు లివర్ పరీక్ష కూడా.